ఆడికి చాలు

పక్క మంచం మునెమ్మ దగ్గర కూచోని
చెంగల్రాయులు బతిమాలతా ఉంటాడు:
"ఇంకొక్క రవ్వ వంచమ్మా, ఒక్క రవ్వ."
ఆమె పళ్ళు బిగబట్టి
చచ్చిన మొగుణ్ణి తిడతాది, కొండమీద సామిని తిడతాది,
మోకాలు మాత్రం తుప్పుబట్టిన గేటు.

నా దగ్గరికొచ్చి అదే మనిషి
అరచెయ్యి అడ్డం పెడతాడు.
"ఆడికి చాలు మేడం. ఇంక వంచొద్దు."

నవ్వొచ్చింది.
ముప్పై తొమ్మిదేండ్లలో
నా ఒంటికి ఎవురూ చెప్పని మాట అది.

కొర్లగుంట బడిలో
రెండు రేగొడియాలిస్తే చాలు
బొటనవేలు మణికట్టుకు ఆనించి చూపించేదాన్ని.
మోచేతులు ఎనక్కి విరిస్తే
ఐదో తరగతంతా కేకలు.
డాన్సు టీచరు గోమతి నన్ను ముందు వరసకు లాగి
"ఎముకలే లేవే దీనికి" అని మురిసిపోయింది.
ఆ మెచ్చుకోలుకు
డాక్టర్ల పుస్తకంలో ఒక పేరుందని
ముప్పై నాలుగో ఏట తెలిసింది.

అందాకా
ఏది జారినా పుత్తూరే.
నాయన స్కూటరెనక
ఒక భుజాన్ని ఇంకో చేత్తో మోసుకుంటా,
వడమాలపేట దాటేదాకా ఏడవకూడదని పందెం.
ఆకు పసరు, గుడ్డు సొన, వెదురు బద్దలు.
ఆ కట్టు ఇప్పేలోపల ఇంకోటి జారేది.
"ఏం పాపా, మళ్ళీనా?"
"చూసేదానికి బాగానే ఉండాదే బిడ్డ"
అనే వాళ్ళ ముందు
నొప్పిని రుజువు చెయ్యలేక
నేనూ బాగానే ఉండాను, చానా ఏండ్లు.

ఇప్పుడు ఎడమ తుంటిలో
ఒక లోహపు గిన్నె, ఒక పింగాణీ గుండు.
మత్తు సగంలోనే దిగిపోతా ఉందంటే
కొత్త డాక్టరు నమ్మలేదు, పాత నర్సు నమ్మింది.
అందరికీ పన్నెండో రోజు తీసే కుట్లు
నాకు ఇరవై మూడో రోజు.
పట్టీ లాగితే దాంతోబాటే తోలూ వచ్చేసింది,
ఉడికిన టమోటా పొట్టు మాదిరి.

వాకర్ మీద బరువేస్తే
మణికట్లు జారతాయి, ఆ ఎనకే భుజం.
తోడుండాల్సిన కీళ్ళన్నీ
మేమూ రోగులమే అని
పక్కన మంచాలేసుకున్నాయి.

ఇంటికొచ్చినాను, బైరాగిపట్టెడ.
కాళ్ళ నడాన దిండు పెట్టుకోని
ఎల్లికిలా పడుకుంటే
కిటికీలో కొండ దారి దీపాలు.
ఈ అర్ధరాత్రి కూడా ఎవురో ఎక్కతా ఉంటారు.
మా ఆడబిడ్డ వసుమతి
నా పేరుతో మోకాళ్ళ మెట్టు మొక్కుకునిందంట.
వద్దే తల్లీ, అన్నాను.
మోకాళ్ళంటే ఏమనుకున్నావు.

మా వాకిట్లో మెట్లు మూడే.
చెంగల్రాయులు నేర్పినాడు:
"ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు,
దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు."
"మంచి కాలు ఏది సార్?"
ఆయన నోరు తెరిచి, మూసి,
నా రెండు కాళ్ళనీ చానాసేపు చూసినాడు.
"అయ్యుంటే... ఆ కొత్తదే."

నిజమే.
ఇన్ని కీళ్ళలో పెట్టిన చోట నిలబడేది
అదొక్కటే. నాది కానిది.
కుడి తుంటి ఈ మాట ఇన్నట్టుండాది,
రాత్రంతా కటుక్కు కటుక్కుమనింది.

ఈ పొద్దు టిఫిన్ తింటా ఉంటే చెంచా కింద పడింది.
ఒకప్పుడైతే
నడుము కాడ మడిచి, రెండరచేతులూ నేలకానించి,
దాన్ని తీసుకోని లేచేదాన్ని,
ఎవురన్నా చూస్తే ఇంకోసారి కూడా.
ఒళ్ళు ఇంకా ఆ దారినే ముందుకు పోబోయింది.
కుర్చీ చేతులు పట్టుకోని ఆపినాను.

చెంచా ఆడే ఉంది.
చట్నీకి చీమలొచ్చినాయి.
వసుమతి సాయంత్రానికి వస్తాది.